ఏడిళ్ల అన్నం

మా నాన్నగారు వారాలను ఇళ్లతోనే గుర్తుపెట్టుకునేవారు. సోమవారం ప్లీడరుగారిల్లు, మంగళవారం గుడి వెనక పురోహితులవారిల్లు, బుధవారం పోస్టుమాస్టరుగారిల్లు. గురువారం ఒక కోమటి షావుకారు స్వయంపాకం ఇచ్చేవాడట. ఆ బియ్యం, పప్పు, చింతపండు పట్టుకెళ్లి ఇంకెవరినో బతిమాలి వాళ్ల పొయ్యిమీద వండుకోవాలి. శుక్రవారం చాలాకాలం ఖాళీ. శనివారం ఇంట్లోవాళ్లే రాత్రి ఫలహారం చేసేవారు గనక ఈయనకీ ఒంటిపూటే. ఒంగోలు హైస్కూలు చదువు ఆయనకి అలా పూర్తయింది.

వారాలు చేసుకోవడమంటే నేటి పిల్లలకి విప్పి చెప్పాలి. పల్లెలో ప్రాథమిక పాఠశాలతో చదువు ఆగిపోయేది. హైస్కూలుండే ఊళ్లో చుట్టాలు లేరు, పూటకూళ్లింటికి ఇచ్చేందుకు డబ్బు లేదు. కుర్రవాడు తెలిసిన పెద్దమనిషిని వెంటబెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, వారానికి ఒక రోజు భోజనం అడిగేవాడు. ఏడిళ్లు కుదిరితే ఆకలి బెంగ తీరినట్టే. రాత్రి పడక గుడి మండపంలోనో, సత్రంలోనో, ఎవరి అరుగుమీదనో. పుస్తకాల మూటే తలగడ.

దీన్ని దానమని నేను అనను. వారాలబ్బాయి ఆ ఇంటి పిల్లలకి ఎక్కాలు వల్లింపజేసేవాడు, బావినుంచి నీళ్లు తోడేవాడు, విస్తళ్లు కుట్టేవాడు, బజారుకి పరుగెత్తేవాడు. ఆ ఇంట్లో తద్దినమైతే గారెలు. మైల వస్తే మాత్రం పది రోజులు ఆ గుమ్మం మూతపడినట్టే. అంటే కనీసం ఒక పూర్తి రోజు పస్తు. మగవాళ్లు భోంచేశాక వడ్డించే ఇల్లూ ఉంది, తమ పిల్లల పక్కనే ఆకు వేసే ఇల్లూ ఉంది. నాన్నగారు రెండోరకం ఇళ్ల పేర్లే చెప్పేవారు. మొదటిరకం గురించి అడిగితే మాట మార్చేవారు.

ఇదే ఒంగోలులో అంతకు చాలాముందు టంగుటూరి ప్రకాశం కూడా వారాలు తిన్నాడు. 1872లో వినోదరాయునిపాలెంలో పుట్టినవాడు. పదకొండేళ్లకే తండ్రి పోయాడు. తల్లి సుబ్బమ్మ పిల్లల్ని తీసుకుని ఒంగోలు చేరి పూటకూళ్లిల్లు పెట్టింది. నలుగురికీ వండిపెట్టే ఇల్లాలి కొడుక్కి ఆ రాబడి చాలక పరాయి ఇళ్లలో వారం కుదుర్చుకోవలసి వచ్చిందంటే, పూటకూళ్ల లాభం ఎంతటిదో ఊహించుకోవచ్చు. కన్యాశుల్కం నాటకం చదివి, చీపురు పట్టుకొచ్చే పూటకూళ్లమ్మను చూసి నవ్వుకున్నవాళ్లం మనం. ఆ చీపురు వెనక ఎంత కష్టం ఉందో సుబ్బమ్మగారిని తలుచుకుంటే తెలుస్తుంది. ఆ కుర్రవాడు 1953లో ఆంధ్రరాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి అయ్యాడు. 1972లో మా జిల్లాకి ఆయన పేరు పెట్టారు.

ఇంతవరకూ చెప్పి ఆపేస్తే కథ తియ్యగా ఉంటుంది. కానీ ఒంగోలులోనే, ప్రకాశం నాలుగైదేళ్ల పిల్లవాడిగా ఉన్నప్పుడు, ధాత కరువు వచ్చింది. 1876లో వానలు తప్పాయి. 1878 దాకా మద్రాసు రాజధాని అంతటా జనం రాలిపోయారు. సర్కారు పనుల్లో చేరిన మగకూలీకి కరువు పనుల మీద సర్కారు పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ ఒక దశలో ఖాయం చేసిన కూలి రోజుకి ఒక పౌను ధాన్యం, చిల్లరకి ఒక అణా. అరకిలో కూడా లేని గింజలతో మట్టి తవ్వమన్నారు. ఆ కరువులో మాదిగపల్లెలకి వారం పెట్టే గుమ్మం ఒక్కటీ లేదు. వారాల కట్టుబాటు పైకులాల గడప దాటి బయటికి రాలేదు.

అప్పుడు ఒంగోలులో జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ ఉన్నాడు. 1866లో వచ్చాడు. యెర్రగుంట్ల పేరయ్య వంటి మాదిగ బోధకుల వెంట పల్లెలు ఆయన్ని నమ్మాయి. ఆయన మాదిగల్ని చేరదీసినందుకే పైకులాలవాళ్లు తమ పిల్లల్ని ఆయన బడి మాన్పించారు. కుర్రతనంలో సర్వే పని చేసినవాడు కాబట్టి, బకింగ్‌హామ్ కాలువలో మూడు మైళ్ల పైచిలుకు తవ్వే కాంట్రాక్టు తానే తీసుకున్నాడు. మేస్త్రీల తిట్లూ దెబ్బలూ లేకుండా, తమవాళ్ల అజమాయిషీలో పని, పనికి కూలి. అన్నం కోసం మతం పుచ్చుకున్నారనే మాట రాకూడదని కరువు నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపాడు. కరువు తగ్గాక, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మతం మార్పిడి మీద ఎవరి అభిప్రాయం వారిది. ఊళ్లో ఉన్నవాళ్లు తియ్యని తలుపు సముద్రాలు దాటి వచ్చినవాడు తీశాడన్నది మాత్రం మనకి సిగ్గుగా ఉండాలి.

వారాలు ఏదో ఒక సంవత్సరంలో ఆగిపోలేదు. ముందు కులాలవారీ హాస్టళ్లు వచ్చాయి. హైదరాబాదులో రెడ్డి హాస్టలు 1918లో మొదలైంది. రెండో ప్రపంచయుద్ధం నాటి రేషను బియ్యంతో ఇంకొక ఆకు వెయ్యడం చాలా ఇళ్లకి భారమైంది. స్వాతంత్ర్యం తర్వాత సాంఘిక సంక్షేమ హాస్టళ్లు పెరిగాయి. అక్కడి పలచటి చారు గురించి ఎన్ని ఫిర్యాదులున్నా, కంచం పట్టుకున్న పిల్లవాడు ఏ ఇంటి ఇల్లాలి మొహమూ చూడనక్కర్లేదు. ఆడపిల్లకీ అక్కడ చోటుంది. వారాలమ్మాయి అనే మాట నేనెన్నడూ వినలేదు. ఆ లెక్కన హాస్టలే గొప్పదని నా తీర్పు.

అయినా వారాల్లో ఒక తెలివి ఉంది. ఏడో వంతు భారం ఎవరికీ బరువు కాదు. పిల్లవాడు ఏ ఒక్కరికీ పూర్తిగా రుణపడడు. ఒక ఇల్లు చెడినా ఆరు మిగులుతాయి. ఒకడి ఔదార్యం మీద నడిచే సత్రం ఆ మహానుభావుడు పోగానే కోర్టుకెక్కడం మా ప్రాంతంలో కొత్త కాదు. వీధిలో ఇల్లు కోల్పోయినవాడు, ఆసుపత్రి ఖర్చుతో చితికినవాడు ఉన్నప్పుడు ఆ ఏడిళ్ల లెక్క ఇప్పటికీ పనికొస్తుంది. కులం అడగకుండా వేస్తేనే సుమా.

చివరిగా ఒక మనవి. వారం పెట్టిన యజమానుల పేర్లు, తిని పైకొచ్చినవాళ్ల పేర్లు నలుగురికీ తెలుసు. పొయ్యి ముందు కూర్చుని, ఇంటిల్లిపాదికీ సరిపోయే ఎసట్లో ఇంకో గుప్పెడు బియ్యం పోసిన ఆడవాళ్ల పేర్లు మా నాన్నగారికి కూడా తెలియవు. ఆయనకి వాళ్లంతా "ప్లీడరుగారి భార్య", "పోస్టుమాస్టరుగారి తల్లి". మీ ఇంట్లో ఎనభై దాటిన పెద్దవాళ్లుంటే ఈ వారంలోనే అడగండి: ఎవరు వండారు, ఎవరికి పెట్టారు, ఎవరిని గుమ్మంలోనుంచే పంపేశారు. మూడూ కాగితం మీద రాసిపెట్టండి.