నెల నిండని క్రీడాసంఘము

చిరకాలము నిలిచిన సంస్థలకే చరిత్ర యుండునని పెక్కండ్రు తలంతురు. మాసమైనను నిలువక కూలిన సంస్థయు నొక్కొకప్పుడు వానికంటె నెక్కువ బోధింపగలదు. 1887వ సంవత్సరమున అమెరికాలో నల్లజాతివారు స్థాపించుకొనిన బేస్‌బాల్ సంఘ మట్టిది.

బేస్‌బాల్ క్రికెట్టువలె బంతిని కొట్టి పరుగులెత్తెడి యాట. 1884లో టొలీడో జట్టున మోజెస్ ఫ్లీట్‌వుడ్ వాకరు అను నల్లజాతి క్రీడాకారుడు తెల్లవారితో గూడి ప్రధానశ్రేణిలో నాడెను. ఆ యేటితరువాత ప్రధానజట్లు నల్లవారిని చేర్చుకొనుట మానెను. అప్పుడు పిట్స్‌బర్గునందలి నల్లజాతి పత్రికారచయిత వాల్టర్ బ్రౌన్ తమవారికి ప్రత్యేకసంఘమును గట్టెను. బోస్టను, న్యూయార్కు, ఫిలడెల్ఫియా, బాల్టిమోరు, పిట్స్‌బర్గు, లూయివిల్లు నగరముల జట్లు అందు చేరెను.

తెల్లవారి క్రీడాసంఘముల జాతీయపు టొడంబడిక దీనినొక చిన్నసంఘముగా నంగీకరించెను. ఆ యొడంబడికచొప్పున ఒక సంఘపు టాటగానిని వేఱొకరు లాగికొనిపోరాదు. చూచుట కిది గౌరవమే. కాని నల్లవారిని చేర్చుకొన నొల్లని ప్రధానజట్లు వారిని లాగికొనిపోమని మాట యిచ్చుటలో నౌదార్య మేమున్నది?

మే 6వ తేదీని పిట్స్‌బర్గులో ఊరేగింపుతోను బ్యాండుమేళముతోను తొలియాట జరిగెను. న్యూయార్కు గోరమ్సు 11 పరుగులతో గెలిచెను. పిట్స్‌బర్గు కీస్టోన్సు 8 పరుగులు చేసిరి. తరువాత జనము పలుచబడెను. మూలధనము స్వల్పము, నగరములు దూరము, రైలుచార్జీలు భారము. లూయివిల్లుకు బోయిన బోస్టను జట్టు తిరిగి వచ్చుటకు సొమ్ములేక యక్కడనే చిక్కుకొనెను. ఆ మాసము ముగియకమున్నే సంఘ మంతరించెను.

ఆటగాండ్రకు నేర్పు కొఱవడి యిది కూలినదనుట తగదు. కీస్టోన్సులో నాడిన సోల్ వైటు ఆ సంవత్సరముననే వీలింగు నగరపు తెల్లవారి జట్టున జేరి రాణించెను. కాని జూలై 14న ఇంటర్నేషనల్ లీగు యజమానులు నల్లవారితో నిక క్రొత్త యొప్పందములు వలదని తీర్మానించిరి. ఇట్లు ఒకే వేసవిలో సొంతయిల్లు కూలెను, పొరుగుతలుపు మూతపడెను.

1920లో రూబ్ ఫాస్టరు నీగ్రో నేషనల్ లీగును స్థాపించెను. 1947లో జాకీ రాబిన్సను ప్రధానశ్రేణిలో బ్రూక్లిన్ జట్టున నాడెను. 1920 మొదలు 1948 వఱకు నడచిన నల్లవారి సంఘము లేడింటిని 2020లో అధికారులు ప్రధానసంఘములుగా గుర్తించిరి. 1887 నాటి సంఘ మా లెక్కలోనిది కాదు. అయినను కాగితముపై నొసగిన సమానత్వము ఆకలి తీర్పదని మొదట ననుభవించి తెలిసికొనినవారు దాని యాటగాండ్రే యని మా యభిప్రాయము.