తెలంగాణ గ్రంథాలయోద్యమము: ఆక్షేపణలు, సమాధానములు

మన గ్రంథాలయమునకు ఇరువదియైదు సంవత్సరములు నిండినవి. ఈ శుభసమయమున ప్రశంసలు పలుకువారు పలువురు గలరు. నేను మాత్రము ఆక్షేపణలను గూర్చి నాలుగు మాటలు వ్రాయదలచితిని. ఏలయనగా, గ్రంథాలయమును స్థాపించుటకంటె, “దీనివలన ప్రయోజనమేమి?” యను ప్రశ్నను ఏండ్లతరబడి వినుచు దానిని నిలుపుట కష్టతరమైన కార్యము. ఈ ప్రశ్న మన యూరికే క్రొత్తగా వచ్చినది కాదు. దాని చరిత్ర నూరేండ్లకు మించినది.

నిజాము రాజ్యమున రాజభాష ఉర్దూ. కచ్చేరీలలోను, ఉన్నత విద్యలోను తెలుగునకు చోటు లేకుండెను. అట్టి కాలమున 1901వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదు నగరమున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసెను. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు, రావిచెట్టు రంగారావుగారు, మునగాల సంస్థానాధిపతి నాయని వేంకటరంగారావుగారు మున్నగువారు దానికి మూలపురుషులు. రావిచెట్టువారు తమ గృహముననే దానికి తొలుత చోటొసంగిరి. పిమ్మట 1904లో హనుమకొండయందు రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును, 1905లో సికింద్రాబాదునందు ఆంధ్ర సంవర్ధినీ గ్రంథాలయమును స్థాపితములైనవి.

ఆ దినములలో తెలుగువారికి ఎదురైన అవహేళన యెట్టిదో తెలియుటకు ఒక్క సంఘటన చాలును. 1921 నవంబరులో హైదరాబాదునందు మహర్షి కార్వేగారి అధ్యక్షతన సంఘసంస్కార సభ జరిగెను. ఇతర భాషలలో ఉపన్యాసములు సాగిన ఆ సభలో న్యాయవాది ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున మాటలాడుటకు లేచినంతనే సభికులు కొందఱు అల్లరిచేసి, ఆయనను సాగనీయరైరి. నాటి రాత్రియే మాడపాటి హనుమంతరావుగారు మున్నగు కొలదిమంది కూడి ఆంధ్ర జనసంఘమునకు అంకురార్పణము చేసిరి. ఆ సంఘము పెట్టుకొన్న పనులు చూడుడు: గ్రంథాలయములు, పఠనాలయములు, పాఠశాలలు నెలకొల్పుట, శాసనములను, తాళపత్ర గ్రంథములను సేకరించుట, విద్వాంసులను గౌరవించుట. అవమానించినవారిని తిట్టుటకు వారు ఒక్క దినమైనను వెచ్చింపలేదు.

పని పెరిగినకొలది అడ్డంకులును పెరిగినవి. నలుగురు కూడి చదువుకొనుచోట రాజకీయము పుట్టునేమో యని అధికారులకు అనుమానము. గస్తీ నిషాన్ 53 అను ఉత్తర్వు వలన సభ జరుపుటకు ముందుగా అనుమతి పొందవలసి యుండెను. అయినను 1925లో మధిరయందును, 1928లో సూర్యాపేటయందును గ్రంథాలయ సభలు జరిగినవి. 1930లో ప్రథమాంధ్ర మహాసభకు తావైనది జోగిపేట. నాడు మెదకు జిల్లాలోను, 2016 నుండి మన సంగారెడ్డి జిల్లాలోను ఉన్న జోగిపేటయే అది. అచ్చట సురవరము ప్రతాపరెడ్డిగారు అధ్యక్షత వహించిరి. నడింపల్లి సుందరమ్మగారి అధ్యక్షతన స్త్రీల సభయు జరిగెను. కనుక ఈ చరిత్ర మన సీమకు పరాయిది కాదు.

ఆక్షేపణకు ఎట్లు బదులు చెప్పవలెనో ప్రతాపరెడ్డిగారే చూపిరి. తెలంగాణమున తెలుగు కవులు లేరని ఒక పండితుడు వ్రాసెను. 1926 నుండి గోలకొండ పత్రికను నడుపుచుండిన రెడ్డిగారు వాగ్వాదముతో తృప్తినొందక కవులను వెదకించి, వారి పద్యములను తెప్పించి, 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించిరి. అందు 354 మంది కవులు గలరు. ఇందొక విశేషము గమనింపుడు. కవులు లేరనుట అసత్యము; కాని వారు అచ్చునకెక్కక మరుగుననుండి రనుట సత్యము. ఆ సంచిక అసత్యమును ఖండించుటయే గాక, సత్యమైన లోపమును పూరించినది. విమర్శను ఇట్లు రెండుగా విడదీయుట నేర్చినవానికి నిరుత్సాహము కలుగదు.

ఇప్పుడు మన విషయము. 1970 తరువాత పటాన్‌చెరు పరిసరములు కర్మాగారములతో నిండినవి. మూడు షిఫ్టులలో పనిచేయు కార్మికులు, బీహారు, ఒడిశాలనుండి వచ్చిన కూలీలు నేడు మన ఇరుగుపొరుగువారు. మనము వినుచున్న ఆక్షేపణలు మూడు. మొదటిది: చేత సెల్‌ఫోనుండగా గ్రంథాలయమెందుకు? వార్తలవఱకు ఈ మాట నిజము. కాని ఇరుకైన అద్దెగదిలో నలుగురితో నుండి ఉద్యోగపరీక్షలకు చదువు బాలునకు నిశ్శబ్దమును, బల్లను సెల్‌ఫోను ఈయజాలదు. రెండవది: అలసివచ్చిన కార్మికుడు ఎప్పుడు చదువును? ఇది న్యాయమైన ప్రశ్న. మనము తలుపులు తెఱచు వేళలు అతని షిఫ్టునకు అనుకూలముగా లేవు. అతని భాషలో పత్రికయు లేదు. ఈ లోపము మనది, దిద్దుకొనవలెను.

మూడవది: ఈ గదిని దుకాణమునకిచ్చిన నెలనెల అద్దె వచ్చును గదా! లెక్కలు వ్రాయు వృత్తిలోనివాడను గాన దీనికి లెక్కతోనే బదులు చెప్పెదను. 1955 నాటి హైదరాబాదు గ్రంథాలయ శాసనము, 1960 నాటి ఆంధ్రప్రదేశ్ శాసనము గ్రంథాలయమును ప్రజల హక్కుగా జేసినవి. ఇంటిపన్ను రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా మనము చెల్లించుచున్నాము. ఆ సొమ్ము జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరవలెను. కావున గ్రంథాలయమునకై సాయమడుగుట యాచన కాదు. అద్దె జమ కనబడును. చదువుకొని ఉద్యోగమున కుదిరిన బిడ్డ జమ ఏ పద్దులోను కనబడదు. అంతమాత్రమున అది లేదనరాదు.

నా మనవి యొక్కటే. మన గ్రంథాలయమున ఆక్షేపణల పుస్తకమొకటి యుంచుడు. ఎవరైనను అందు వ్రాయవచ్చును. కార్యవర్గము నెలకొకమారు దానిని చదివి, నిజమైనదానిని సవరించి, కానిదానికి పనితో బదులు చెప్పవలెను.  స్వర్ణోత్సవ సంచికను మన పిల్లలు వ్రాయుదురు గాక!