హస్తవాసి నుంచి ఆధారం దాకా

మైలవరంలో జ్వరమొచ్చినవాడు ముందుగా వెళ్ళేది పెద్దాసుపత్రికి కాదు, దగ్గర్లోని చిన్న క్లినిక్‌కి. చుట్టుపక్కల పల్లెలకూ తండాలకూ వైద్యానికి ఈ ఊరే దిక్కు. ఇక్కడ కుదరదంటేనే బెజవాడ ప్రయాణం. అందుకే మన వైద్యం ఎంత మెరుగుపడిందో తెలియాలంటే ఆ చిన్న గదినే చూడాలి. చాలాకాలం ఆ గదికి జనం వాడిన కొలబద్ద ఒక్కటే: "ఆయన హస్తవాసి మంచిది." ఆ నమ్మకానికి ఆధారం కూడా తోడయ్యే పని వందేళ్ళుగా సాగుతోంది. ఆ పని ఇంకా పూర్తి కాలేదు.

మొదట తేల్చవలసి వచ్చింది డాక్టరంటే ఎవరని. మైలవరం ఉన్న అప్పటి కృష్ణా జిల్లా మద్రాసు రాజధానిలో ఉన్న రోజుల్లో, 1914 నాటి మద్రాసు వైద్య నమోదు చట్టం అర్హులైన వైద్యుల పేర్లను రిజిస్టరుకెక్కించింది. 1924 ప్రాంతంలో, పానగల్ రాజా ప్రభుత్వ కాలంలో, పల్లెల్లో ప్రాక్టీసు పెట్టే వైద్యులకు సర్కారు సబ్సిడీ ఇవ్వసాగింది. 1946లో ఆరోగ్య సేవలపై వేసిన భోర్ కమిటీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు కావాలంది. 1952 నుంచి అవి పుట్టుకొచ్చాయి. అయినా డిగ్రీ ఉన్న డాక్టరు అందని ఊళ్ళలో డిగ్రీ లేని ఆర్.ఎం.పి.లే దిక్కయ్యారు. అర్ధరాత్రి పిలిచినా సైకిలు మీద వచ్చే మనిషిని ఊరు ఎందుకు నమ్మిందో అర్థం చేసుకోవచ్చు. కానీ ఆ వైద్యం ఎంత క్షేమమో చూసే నాథుడు లేడు.

ఆ లోటు సూది దగ్గర బాగా కనిపిస్తుంది. గాజు సిరంజిని స్టవ్వు మీద నీళ్ళలో మరిగించి, సూది మొద్దుబారితే రాతి మీద నూరి, మళ్ళీ వాడిన కాలం పెద్దవాళ్ళకు గుర్తే. రద్దీ రోజున ఆ నీళ్ళు ఎంతసేపు మరిగాయో ఎవరూ చూడరు. ఒకసారి వాడి పారేసే సిరంజిలు వచ్చాక కూడా ముప్పు పోలేదు. 2009లో గుజరాత్‌లోని మొడాసాలో వాడిన సిరంజిలే మళ్ళీ వాడినందువల్ల హెపటైటిస్-బి విజృంభించి ఎందరి ప్రాణాలో తీసింది. "ఒక ఇంజెక్షన్ వెయ్యండి, సెలైన్ పెట్టండి డాక్టరుగారూ" అని రోగులే పట్టుబట్టడమూ ఈ ముప్పును పెంచింది. మాత్రతో తగ్గేదానికి సూది అడగడం మనకు అలవాటైపోయింది.

చట్టాలు ఒక్కొక్కటిగా వచ్చాయి. 1986 నాటి వినియోగదారుల చట్టం ఫీజు తీసుకుని చేసే వైద్యానికీ వర్తిస్తుందని 1995లో సుప్రీంకోర్టు తేల్చింది. 1998లో ఆసుపత్రి వ్యర్థాల నిబంధనలు వచ్చాయి. 2016లో వాటిని తిరగరాశారు. రక్తం అంటిన దూదికి పసుపు సంచి, గొట్టాలకూ గ్లవ్స్‌కూ ఎరుపు సంచి, సూదులకు గుచ్చుకున్నా చిల్లు పడని తెల్ల డబ్బా, గాజు సీసాలకు నీలం పెట్టె. ఒక్క మంచం లేని క్లినిక్ అయినా ఈ నియమాలు పాటించాల్సిందే. 2002లో ప్రైవేటు అల్లోపతి వైద్యశాలల నమోదుకు రాష్ట్రం చట్టం చేసింది. అదే ఏడాది వచ్చిన వైద్య మండలి నియమావళి డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు క్లినిక్‌లోనూ, మందుల చీటీ మీదా కనిపించాలంది. 2016లో మందుల జెనరిక్ పేర్లు అర్థమయ్యేలా రాయాలని సవరించారు.

వైద్య నాణ్యతను ఎలా కొలవాలో 1966లో అవెడిస్ డొనబీడియన్ అనే వైద్య పరిశోధకుడు మూడు మెట్లుగా చెప్పాడు: వసతులు, చేసే పద్ధతి, రోగికి దక్కిన ఫలితం. మన చట్టాలు మొదటి మెట్టును గట్టిగా పట్టుకున్నాయి, రెండోదాన్ని కొంత తాకాయి. మూడోదాని జోలికి దాదాపు పోలేదు. బోర్డుందా, డబ్బాలున్నాయా అని చూస్తాం. బీపీ ఉన్నవాళ్ళలో ఎందరికి అదుపులోకి వచ్చిందని అడగం.

మైలవరం పరిసరాల్లో ఈ ప్రశ్న ప్రాణాలకు సంబంధించింది. తిరువూరు వైపున్న ఎ.కొండూరు మండలం తండాల్లో కిడ్నీ జబ్బు కుటుంబాలకు కుటుంబాలనే కుంగదీసింది. అదుపు లేని బీపీ, సుగర్ కిడ్నీని దెబ్బతీస్తాయి. ఒళ్ళునొప్పులకని అదేపనిగా వాడే నొప్పి మాత్రలు, ఇంజెక్షన్లూ అంతే. దెబ్బతిన్న కిడ్నీని కాపాడుకునే తొలి అవకాశం చిన్న క్లినిక్‌లోనే ఉంది.

2023 ఏప్రిల్ 6న పల్నాడు జిల్లా లింగంగుంట్లలో ప్రారంభమైన ఫ్యామిలీ డాక్టర్ పథకం ఆ దిశగా పడిన అడుగు. గ్రామ క్లినిక్‌లో 14 పరీక్షలు, 105 రకాల మందులు, నెలకు రెండుసార్లు ఊరికొచ్చే డాక్టరు అని అప్పట్లో ప్రకటించారు. వచ్చిన డాక్టరు చేతికి రోగి పాత లెక్కలు అందితేనే ఈ రాకకు అర్థం. ప్రభుత్వాలు మారినా ఆ రికార్డు తెగిపోకూడదు. ప్రైవేటు క్లినిక్ కూడా రోగి బీపీ, సుగర్, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రాసిన కార్డును అతని చేతికివ్వాలి. కొత్త సిరంజిని అతని కళ్ళముందే చించి తీయాలి. అడిగే హక్కు రోగిది, చూపించే బాధ్యత డాక్టరుది. హస్తవాసి ఉన్న డాక్టరుకు దీనివల్ల పోయేదేమీ లేదు. తన పనితనానికి సాక్ష్యం దొరుకుతుంది, రోగికి భరోసా దొరుకుతుంది.