పరీక్షలో ఏ తెలుగు రాయాలి? 1914 నాటి కాంపోజిషన్ గొడవ

పోయిన వారం మా చెల్లి తన కాలేజీ అసైన్‌మెంట్ తెచ్చి నా ముందు పెట్టింది. డిగ్రీ ఫస్టియర్, తెలుగు సెకండ్ లాంగ్వేజ్. టాపిక్ గురజాడ రచనలు. "అన్నయ్యా, ఒక్కసారి చూసి పెట్టవా" అంది. మొదటి వాక్యం ఇది: "ఈ వ్యాసము నందు గురజాడ వారి రచనలను పరిశీలించుట జరిగినది."

"ఎవరు పరిశీలించారు?" అని అడిగా.

"నేనే."

"మరి నేను పరిశీలించాను అని రాయొచ్చుగా?"

"అలా రాస్తే మార్కులెవరేస్తారు? రాసేటప్పుడు ఇలాగే రాయాలి అన్నయ్యా."

ముందు నవ్వొచ్చింది. తర్వాత సిగ్గేసింది. ఎందుకంటే నా బీటెక్ ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ రిపోర్ట్ గుర్తొచ్చింది. సీనియర్ల రిపోర్ట్ తీసుకున్నాం, పేర్లు మార్చాం, స్పైరల్ బైండింగ్ చేయించాం. అరవై పేజీల్లో నా వాక్యం అని చెప్పుకోడానికి ఒక్కటి కూడా లేదు. మా చెల్లి కనీసం తన చేత్తో రాసింది.

కానీ ఇక్కడ ఇంకో తమాషా ఉంది. గురజాడ అప్పారావు గారు చనిపోవడానికి ఏడాది ముందు కూర్చుని పోట్లాడింది సరిగ్గా ఇలాంటి వాక్యం గురించే. ఒక కాలేజీ కుర్రాడు పరీక్షలో వ్యాసం రాయాలంటే ఏ తెలుగులో రాయాలి? తను మాట్లాడే తెలుగులోనా, పుస్తకాల తెలుగులోనా? ఈరోజు ఎపిసోడ్ ఆ గొడవ గురించే.

సరే, వందేళ్ళు వెనక్కి వెళ్దాం. అప్పుడు మనకి సొంత యూనివర్సిటీ లేదు. కోస్తా జిల్లాల వాళ్ళకి చదువంటే మద్రాసు యూనివర్సిటీనే. 1857లో పెట్టింది. పాఠాలన్నీ ఇంగ్లీషులో. అలాంటిచోట కొత్త నిబంధనలు వచ్చి, ఇంటర్మీడియట్‌లో మాతృభాషలో వ్యాసం రాయడం ఒక పరీక్షగా పెట్టారు. దాన్నే కాంపోజిషన్ అన్నారు. పద్యానికి అర్థం చెప్పడం కాదు, టాపిక్ ఇస్తారు, నీ ఆలోచన నువ్వు రాయాలి. అంటే కుర్రాడు మొదటిసారి తన సొంత వాక్యం రాయాల్సి వచ్చింది. దాంతో ఇన్నాళ్ళూ ఎవరూ గట్టిగా అడగని ప్రశ్న బయటికొచ్చింది.

ఆ రోజుల్లో పుస్తకాల తెలుగు అంటే గ్రాంథికం. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీ తెలుగు పండితుడు పరవస్తు చిన్నయసూరి 1853లో నీతిచంద్రిక అచ్చువేశారు, 1858లో బాలవ్యాకరణం వచ్చింది. తర్వాత బడుల్లో వచనానికి అవే కొలమానం అయ్యాయి. తేడా ఎంతో మీకు అర్థం కావాలంటే ఒక వాక్యం చెప్తాను. మనం "నేను బజారుకి వెళ్ళి పుస్తకం కొనుక్కొచ్చాను" అంటాం. దాన్నే గ్రాంథికంలో "నే నంగడికిఁ జని పుస్తకముఁ గొని తెచ్చితిని" అనాలి. "చని" కాస్తా "జని" ఎందుకైంది, "కొని" కాస్తా "గొని" ఎందుకైంది, అరసున్న ఎక్కడ పెట్టాలి, ఇవన్నీ సూత్రాలు. ఒక్కటి తప్పినా మార్కు పోయినట్టే. విషయం ఆలోచించేలోపు సంధి దగ్గరే టైమ్ అయిపోతుంది.

1907 ప్రాంతంలో జె.ఎ. యేట్స్ అనే ఇంగ్లీషు దొర ఉత్తర కోస్తా జిల్లాలకి స్కూళ్ళ ఇన్‌స్పెక్టర్‌గా వచ్చారు. క్లాసుల్లో కూర్చుని పాఠాలు విన్నారు. బయట జనం మాట్లాడే తెలుగు వేరు, లోపల చెప్పే తెలుగు వేరు, ఎందుకిలా అని ఆయనకి డౌట్ వచ్చింది. విశాఖపట్నంలో మిసెస్ ఏ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగార్‌ని అడిగారు. దీనికి జవాబు చెప్పగలిగేది ఇద్దరే అని ఆయన రెండు పేర్లు చెప్పారు. విజయనగరంలో గురజాడ, పర్లాకిమిడిలో గిడుగు వెంకట రామమూర్తి.

గురజాడ మీకు తెలుసు. కన్యాశుల్కం 1892లో స్టేజీ ఎక్కింది, 1897లో అచ్చయింది, 1909లో బాగా మార్చి మళ్ళీ వేశారు. మొత్తం మాట్లాడే భాషలోనే. గిడుగు గారిది ఇంకో దారి. 1863 ఆగస్టు 29న పుట్టారు. ఆ రోజే ఇప్పుడు మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. ఆయన బడి పంతులు. శ్రీముఖలింగం గుళ్ళో శాసనాలు చదవడం తనంతట తనే నేర్చుకున్నారు. అడవుల్లో ఉండే సవరల భాష వాళ్ళ దగ్గరే నేర్చుకుని, దానికి వ్యాకరణం రాశారు. ఇలాంటి మనిషికి ఒక విషయం బాగా తెలుసు. భాష ముందు జనం నోట్లో ఉంటుంది, పుస్తకం తర్వాత వస్తుంది.

ఈ నలుగురూ కలిసి మొదలుపెట్టిన వాదన కొంచెం ఫలించింది. 1912-13లో స్కూల్ ఫైనల్ వ్యాసాన్ని పాత భాషలో రాసినా సరే, ఇప్పటి భాషలో రాసినా సరే అని ఉత్తర్వు వచ్చింది. చూడండి, గ్రాంథికం వద్దు అనలేదు. రెండిట్లో ఏదైనా రాసుకోండి అన్నారంతే. దానికే తెలుగు జిల్లాలు అట్టుడికిపోయాయి. సభలు, తీర్మానాలు, కరపత్రాలు. 1911లో మద్రాసులో పుట్టిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు గ్రాంథికం వైపు నిలబడింది. దాన్ని నడిపించిన జయంతి రామయ్య పంతులు గారు గట్టి వాదన వినిపించారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. మన వీడియోల్లో సాధారణంగా ఏం చేస్తామంటే, ఒక హీరో, ఒక విలన్ అని పెట్టేసి ముందుకెళ్ళిపోతాం. అవతలివాళ్ళు మూర్ఖులేం కాదు. వాళ్ళ ప్రశ్నలు వినండి. మాట్లాడే తెలుగు రాయమంటున్నారు సరే, ఎవరు మాట్లాడేది? శ్రీకాకుళంలో ఒకలా, నెల్లూరులో ఒకలా, కడపలో ఒకలా ఉంటుంది. పేపర్ దిద్దేవాడు ఏది ఒప్పనాలి? రెండోది, కుర్రాళ్ళు పాత భాషకి దూరమైతే రేపు నన్నయ, తిక్కనలను చదివేదెవరు? మూడోది రాజకీయం. 1913లో బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. తెలుగువాళ్ళందరం ఒకటి అని అప్పుడప్పుడే అంటున్నారు. అందరికీ ఉమ్మడిగా ఉన్న ఒక్క రాత భాషని కూడా ముక్కలు చేస్తారా అని వాళ్ళ భయం. ఇవి తీసిపారేసే ప్రశ్నలు కావు.

గురజాడ, గిడుగు కూడా తీసిపారేయలేదు. పనిలో దిగారు. నాకు ఈ కథలో బాగా నచ్చిన భాగం ఇదే. వాళ్ళు కేవలం "ప్రజల భాష, ప్రజల భాష" అని ఉపన్యాసాలు ఇచ్చి ఊరుకోలేదు. సాహిత్యాన్ని సాక్ష్యంగా చదివారు. శాసనాలు, తాళపత్రాలు, పాత వ్యాఖ్యానాలు, ఉత్తరాలు తిరగేసి, మాట్లాడే రూపాలు ఎప్పటినుంచో రాతలో ఉన్నాయని చూపించారు. ఒక్క ఉదాహరణ చెప్తాను. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరారు. ఆ ప్రయాణం గురించి రాసిన కాశీయాత్ర చరిత్ర 1838లో అచ్చయింది. దాదాపు అప్పటి వాడుక తెలుగే. అంటే బాలవ్యాకరణం కంటే ఇరవై ఏళ్ళు ముందు. మరి వచనం రాయాలంటే గ్రాంథికమే గతి అనేది మనకి ఎప్పటినుంచో ఉన్న సంప్రదాయం ఎలా అవుతుంది?

గిడుగు గారి ఇంకో పని మరీ పదునైనది. గ్రాంథికమే రాయాలని పట్టుబట్టిన పండితుల పుస్తకాలే తీసుకుని, అందులో వాళ్ళ సూత్రాల ప్రకారమే ఎన్ని తప్పులున్నాయో ఏరి చూపించారు. గద్యచింతామణి అని ఆ ఉదాహరణలతో ఏకంగా పుస్తకమే ఉంది. ఎగతాళి కోసం కాదు. లాజిక్ సింపుల్. జీవితాంతం చదివిన పండితుడికే తప్పులు లేకుండా రాదంటే, పదహారేళ్ళ కుర్రాడికి మూడు గంటల పరీక్షలో ఎలా వస్తుంది? కోడింగ్ భాషలో చెప్పాలంటే, రూల్స్ రాసినవాళ్ళ ప్రోగ్రామే కంపైల్ అవ్వట్లేదు, తప్పు మాత్రం కొత్తగా చేరిన కుర్రాడిది అంటున్నారు.

ఇక ఎవరు మాట్లాడే తెలుగు అన్న ప్రశ్నకి వాళ్ళ జవాబు: చదువుకున్నవాళ్ళు నలుగురిలో మాట్లాడే తెలుగు ఒకటుంది, అన్ని జిల్లాల వాళ్ళకీ అర్థమవుతుంది, దాన్ని రాయండి. శిష్ట వ్యావహారికం అన్నారు. ఈ జవాబు దగ్గరికి మళ్ళీ వస్తాను, ఇందులో ఒక చిక్కుంది.

గొడవ ముదిరాక మద్రాసు యూనివర్సిటీ తెలుగు కాంపోజిషన్ విషయం తేల్చమని ఒక కమిటీ వేసింది. ఎక్కువమంది గ్రాంథికం వైపే మొగ్గారు. కమిటీలో ఉన్న గురజాడ ఒప్పుకోలేదు. 1914లో తన అసమ్మతి పత్రం రాసిచ్చారు. మినిట్ ఆఫ్ డిసెంట్ అంటారు దాన్ని. నేను ఈ ఎపిసోడ్ కోసం చదవబోయేముందు రెండు మూడు పేజీల లెటర్ అనుకున్నా. తీరా చూస్తే పుస్తకమంత ఉంది. భాష చరిత్ర, వ్యాకరణాలు, పాత రచనలు, ఒక్కోటీ ఉదాహరణలతో. గ్రాంథికం అనేది ఏ ఒక్క కాలంలోనూ ఎవరూ మాట్లాడిన భాష కాదు, వేర్వేరు కాలాల రూపాలు కలిపి కట్టిన భాష అని ఆయన వాదన.

ఇంకో సంగతి చెప్పనా? అదంతా ఇంగ్లీషులో ఉంది. గిడుగు గారి మెమొరాండం ఇంగ్లీషులోనే, జయంతి రామయ్య గారి జవాబు ఇంగ్లీషులోనే. తెలుగు పిల్లలు ఏ తెలుగు రాయాలి అని తెలుగు మహానుభావులు ఇంగ్లీషులో కొట్టుకున్నారు. ఎందుకంటే నిర్ణయం తీసుకునే బల్ల దగ్గర నడిచే భాష అది. ఇది విన్నాక నవ్వాలో ఏడవాలో నాకైతే తెలియలేదు.

ఫలితం? ఓడిపోయారు. యూనివర్సిటీ గ్రాంథికం వైపే నిలిచింది. స్కూల్ ఫైనల్‌లో ఇచ్చిన ఆ కాస్త వెసులుబాటు కూడా నిలవలేదు. 1915 నవంబర్ 30న గురజాడ చనిపోయారు. గెలుపు ఆయన చూడలేదు.

గిడుగు గారు ఆగలేదు. ఊరూరా తిరిగారు, 1919లో "తెలుగు" అని పత్రిక పెట్టారు. అదే ఏడాది రాజమండ్రిలో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం పుట్టింది. దానికి అధ్యక్షులు ఎవరో తెలుసా, కందుకూరి వీరేశలింగం గారు. జీవితమంతా గ్రాంథికంలో పుస్తకాలు రాసిన మనిషి, డెబ్భై ఏళ్ళ వయసులో అభిప్రాయం మార్చుకుని ఈ వైపు వచ్చారు. కొన్ని నెలలకే పోయారు. 1930లలో తాపీ ధర్మారావు గారు జనవాణి పత్రికని వాడుక భాషలో నడిపారు. కథలు, నవలలు, పేపర్లు, సినిమాలు అన్నీ మారాయి. అన్నిటికంటే ఆఖర్న మారింది ఎక్కడో ఊహించండి. గొడవ మొదలైన చోటే, కాలేజీలో. యూనివర్సిటీ పరీక్షల్లో, పరిశోధన గ్రంథాల్లో వాడుక భాష పూర్తిగా కుదురుకునేసరికి 1970లు వచ్చేశాయి.

ఇప్పుడు ఆ చిక్కు. శిష్ట వ్యావహారికం అన్నారు కదా, అది చివరికి కోస్తా జిల్లాల్లో చదువుకున్నవాళ్ళ భాష అయి కూర్చుంది. వరంగల్ పిల్లవాడు, అనంతపురం పిల్లవాడు ఇంట్లో మాట్లాడేది రాస్తే మళ్ళీ ఎర్రసిరా గీతే. జయంతి రామయ్య గారి వైపు నుంచి వచ్చిన "ఎవరి తెలుగు?" అన్న ప్రశ్న అలాగే మిగిలిపోయింది. దాన్ని తెలంగాణ నుంచి గట్టిగా అడిగినవాళ్ళలో కాళోజీ నారాయణరావు గారు ముందుంటారు. ఆయన పుట్టినరోజు సెప్టెంబర్ 9 తెలంగాణ భాషా దినోత్సవం. ఆయన పుట్టింది 1914లో. గురజాడ అసమ్మతి పత్రం రాసిన సంవత్సరమే.

ఇదంతా మా చెల్లికి చెప్పాను. సగం విని, "సరే అన్నయ్యా, ఇప్పుడు నన్నేం రాయమంటావు?" అంది. న్యాయమైన ప్రశ్న. వాళ్ళు చేసిందే చెయ్యమన్నా. పుస్తకం తెరిచి నీకు కనిపించిన ఒక్క విషయం పట్టుకో. దానికి సాక్ష్యం ఆ పుస్తకంలోంచే తీసి పెట్టు. నీతో ఒప్పుకోనివాడు ఏమంటాడో కూడా నిజాయితీగా రాయి. వాక్యంలో చేసినవాళ్ళు ఎవరో కనపడాలి. ఇవేవీ నేను కనిపెట్టినవి కాదు. నేను ఇంజనీరింగ్‌లో ఉన్న నాలుగేళ్ళూ నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

రెండు రోజుల తర్వాత కొత్త పేజీ చూపించింది. గిరీశం మాటల్లో ఇంగ్లీషు ముక్కలు ఎక్కడెక్కడ వస్తాయో పెన్సిల్‌తో గీతలు పెట్టుకుని, ఎవరితో మాట్లాడేటప్పుడు ఎక్కువ దొర్లుతున్నాయో చూసిందట. మొదటి వాక్యం మారిపోయింది: "కన్యాశుల్కంలో గిరీశం ఇంగ్లీషు ఎప్పుడెప్పుడు వాడతాడో నేను లెక్కపెట్టి చూశాను."

"మార్కులు తగ్గితే నీదే పూచీ" అంది. ఇంకా రాలేదు. వచ్చాక మీకూ చెప్తాను. ఉంటానండి, వచ్చేవారం కలుద్దాం.