సెరైకెలా మాస్కు: ఖర్కాయి మట్టిలో పుట్టిన ముఖం

జంషెడ్‌పూర్ దగ్గర సువర్ణరేఖలో కలిసే ఖర్కాయి నది, అంతకుముందే సెరైకెలా ఊరి పక్కగా పారుతుంది. ఉక్కు నగరానికి దాదాపు 40 కిలోమీటర్ల దూరంలోని ఈ పాత సంస్థానంలో ఆ నది మట్టితోనే ఛౌ నాట్యానికి మాస్కులు చేస్తారు.

ఛౌలో మూడు సంప్రదాయాలున్నాయి. ఒడిశాలోని మయూర్‌భంజ్ వాళ్ళు మాస్కు లేకుండానే ఆడతారు. బెంగాల్లోని పురూలియా మాస్కులు పెద్ద పెద్ద కిరీటాలతో, కోరమీసాలతో ఆమడ దూరం నుంచే హడలెత్తిస్తాయి. సెరైకెలా మాస్కు నున్నగా, లేతరంగుల్లో, కోలకళ్ళతో ప్రశాంతంగా ఉంటుంది. నా మటుకు నాకు మూడింట్లో గొప్ప శిల్పం ఇదే.

ముందు చెక్కపలక మీద మట్టితో ముఖం మలుస్తారు. దానిమీద బూడిద చల్లి, కాగితం, పలచని నూలుగుడ్డ పొరలు పొరలుగా జిగురుతో అంటిస్తారు. ఆపైన మెత్తటి మట్టిపూత వేసి, సన్నటి పనిముట్టుతో కనుబొమ్మలు, పెదవులు తీరుస్తారు. లోపలి దిమ్మ నుంచి ఊడదీసి ఎండబెట్టాక కళ్ళకూ ముక్కుకూ చిన్న చిన్న కన్నాలు తీసి రంగులు వేస్తారు. ఈ పనిలో మహాపాత్ర కుటుంబానిది పేరుపడ్డ చెయ్యి.

మన చేర్యాల నకాషీ కళాకారులు రంపపు పొట్టు, చింతగింజల జిగురుతో చేసే మాస్కులు ఇప్పుడు ఎక్కువగా గోడల మీదే కనిపిస్తున్నాయి. సెరైకెలా మాస్కును మనిషి కట్టుకుని ఎగరాలి. ఆ కన్నాల్లోంచి వచ్చే గాలి చాలదు. అందుకే ఒక్కో నాట్యం కొద్ది నిమిషాల్లోనే ముగుస్తుంది. ముఖం కదలదు కనుక భయమైనా వలపైనా మెడ, భుజాలు, పాదాలే చెప్పాలి. కత్తీ డాలూ పట్టే పరిఖండా సాధనతో పాటు పేడనీళ్ళు కలపడం లాంటి ఇంటిపనుల కదలికలు కూడా ఇక్కడ నాట్యంలో భాగమయ్యాయి. సూర్యుడి నుంచి పారిపోయి సముద్రంలో దూకే 'చంద్రభాగ'ను సంప్రదాయంగా మగవాళ్ళే ఆడేవారు. మాస్కు వెనక ఉన్నది మగవాడన్న సంగతే చూసేవాళ్ళకు గుర్తుండేది కాదు.

రాజు ఆదిత్య ప్రతాప్ సింగ్ దేవ్ కాలంలో ఆయన తమ్ముడు విజయ ప్రతాప్ ఈ కళకు కొత్త రూపం దిద్దారు. రాచబిడ్డలే మాస్కులు కట్టి ఆడారు. 1938లో బృందం ఐరోపా వెళ్ళింది. 1948లో సంస్థానం భారతదేశంలో విలీనమవడంతో రాజపోషణ పోయింది. అయినా ఆట ఆగలేదు. సెరైకెలా ఛౌ గురువు కేదార్‌నాథ్ సాహుకు 2005లో పద్మశ్రీ వచ్చింది. 2010లో యునెస్కో ఛౌను మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది.

జంషెడ్‌పూర్‌లో తరతరాలుగా స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఏప్రిల్ నడుమ జరిగే చైత్ర పర్వానికి వాళ్ళు ఒక్కసారైనా సెరైకెలా వెళ్ళాలి. అంగట్లో మాస్కు కొనేముందు, ఆడేవాడి తల కాస్త వంగినప్పుడు అదే ముఖం ఎలా దిగులు పడుతుందో చూడాలి.