తుపాకీకి పంగలకర్ర

తుపాకుల చరిత్ర రాసేవాళ్ళు గొట్టం గురించి, తూటా గురించి పేజీలు నింపుతారు. ముందుభాగాన్ని ఆనించే రెండు కాళ్ళ బైపాడ్‌కి మాత్రం ఓ వాక్యం పడేసి పోతారు. నన్నడిగితే అసలు కథంతా అక్కడే ఉంది.

16వ శతాబ్దపు స్పెయిన్ మస్కెట్ 7-8 కిలోలు తూగేది. దాన్ని ఎత్తిపట్టి కాల్చడం కష్టం కాబట్టి సిపాయి వెంట ఓ పంగలకర్ర ఉండేది. ఓ చేత్తో తుపాకీ, ఇంకో చేత్తో కర్ర, వేళ్ళ మధ్య మండుతున్న వత్తి! 17వ శతాబ్దం మధ్యకల్లా మస్కెట్లు తేలికయ్యాయి, కర్ర పోయింది. మా భాషలో చెప్పాలంటే అది బరువుకి వేసిన ప్యాచ్ మాత్రమే. నున్నటి గొట్టంతో పెద్ద గురి ఎలాగూ కుదరదు.

గురి కోసం కర్రలు వాడినవాళ్ళలో నాకు మర్చిపోలేనివాళ్ళు 1870లలో అమెరికా బైసన్ వేటగాళ్ళు. రెండు కర్రల్ని పైన తోలుముక్కతో బిగించి, కత్తెరలా తెరిచి నేలలో దిగేసేవాళ్ళు. దాని మీద షార్ప్స్ రైఫిల్ ఆనించి, రెండు మూడొందల గజాల దూరంలో తాపీగా కూర్చునేవాళ్ళు. మందని నడిపించే ఆవుని ముందు కొడితే మిగతావి పారిపోకుండా అక్కడక్కడే తచ్చాడేవి. ఇక ఒక్కోదాన్నీ కొట్టుకుంటూ పోవడమే. ఊపిరికీ గుండెదడకీ ఊగే గొట్టాన్ని కర్రలు కుదురుగా ఉంచేవి, బరువు మోసేవి. గంటసేపు కాల్చినా చెయ్యి అలిసేది కాదు. వేడెక్కిన గొట్టమే ముందు మొరాయించేది.

కోట్లలో ఉండే బైసన్లు 1889లో హోర్నడే లెక్కతీసేసరికి వెయ్యి పైచిలుకు మిగిలాయి. తప్పంతా కర్రలదని అననుగానీ (రైళ్ళూ తోళ్ళ వ్యాపారమూ లేకపోతే ఇంత జరగదు), ఆ మందల మీద బతికే తెగల తిండి పోతే వాళ్ళే లొంగుతారని సంతోషించిన సైన్యాధికారులూ ఉన్నారు. అది జరిగింది కూడా.

క్రీడలో ఈ ఊతాన్ని చాలాకాలం దగ్గరికి రానివ్వలేదు. మన హైదరాబాద్ గగన్ నారంగ్ ఒలింపిక్స్‌లో 50 మీటర్ల ప్రోన్ ఆడినప్పుడు కూడా పడుకుని, చేతికి చుట్టిన స్లింగ్‌తోనే కాల్చాలి. కెనడాకి చెందిన ఫార్క్వర్సన్ పేరుమీద వచ్చిన ఎఫ్-క్లాస్ దీనికి తలుపు తీసింది. కళ్ళూ కీళ్ళూ సహకరించని పెద్దవాళ్ళు కూడా ఆడగలగాలన్నది ఉద్దేశం. అందులో ఎఫ్-టీఆర్ విభాగం వాళ్ళు బైపాడే వాడతారు.

కొనేవాళ్ళు కాళ్ళ పొడవు చూసి మురిసిపోతారు. పడుకుని కాల్చేవాడికి పొట్టికాళ్ళే మేలు, ఊగిసలాట తక్కువ. నేల ఎగుడుదిగుడుగా ఉంటే అటూ ఇటూ వాలే రకం కావాలి. కాంక్రీటు మీద పెడితే కాల్చగానే ఎగురుతుంది, కింద చాప వేసుకోవాలి. భుజంతో కొద్దిగా ముందుకి తోసి, వెనక మడమ కింద ఇసకసంచి పెట్టుకుని, ప్రతిసారీ అంతే ఒత్తిడి ఉంచాలి. ఒత్తిడి మారితే తూటా పడేచోటూ మారుతుంది.