లేత ఆకు పసుపెక్కితే యూరియా చల్లకండి – దీని వెనక 180 ఏళ్ల కథ ఉంది

తొట్టెలో చేపలు పెంచి, ఆ నీళ్లతోనే ఆకుకూరలు పండించే పద్ధతిని అక్వాపోనిక్స్ అంటున్నారు. ఇంటి దగ్గర ఇది మొదలుపెట్టిన వాళ్లకి కొన్నాళ్లకి ఒక చిక్కు వస్తుంది. చేపలు బాగానే తిరుగుతుంటాయి, మొక్కల లేత ఆకులు మాత్రం పసుపెక్కుతాయి. ఈనెలు పచ్చగానే ఉంటాయి. పొలం అలవాటు కొద్దీ మన చెయ్యి యూరియా మీదకి పోతుంది. ఆ యూరియా నీళ్లలో అమ్మోనియాగా మారితే చేపలు తేలిపోతాయి. మొక్కకి కావాల్సింది అది కాదు, ఇనుము.

ఈ సంగతి మొదట తేల్చింది ఫ్రాన్స్‌లో యూసెబ్ గ్రిస్ అనే రసాయన శాస్త్రవేత్త. 1843 ప్రాంతంలో ఆయన పాలిపోయిన మొక్కలకి ఇనుప లవణం కలిపిన నీళ్లిచ్చి చూశాడు. ఆకులు మళ్లీ పచ్చబడ్డాయి. మనం వేరుశనగ పసుపెక్కితే లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి కొడతాం కదా, దాని మూలం అక్కడే ఉంది.

అయితే నేలలో సున్నం ఎక్కువైనా, నీళ్లలో క్షారగుణం ఎక్కువగా ఉన్నా, వేసిన ఇనుము తుప్పులా గడ్డకట్టి వేరుకి అందదు. ఇనుము ఉంటుంది, మొక్క ఆకలితోనే ఉంటుంది. దీనికి దారి 1951లో దొరికింది. ఇనుముని ఈడీటీఏ అనే పదార్థంతో పట్టి ఉంచితే అది నీళ్లలో కరిగే ఉంటుందని అమెరికాలో జాకబ్సన్ చూపించాడు. మరుసటి ఏడాదే ఫ్లోరిడా నిమ్మజాతి తోటల్లో అది పనిచేసింది. మనం కొనే చీలేటెడ్ ఐరన్ ఇదే.

చేపల తొట్టెకి దీన్ని పద్ధతిగా వాడింది వర్జిన్ దీవుల విశ్వవిద్యాలయంలో జేమ్స్ రాకోసీ. 1980ల నుంచి తిలాపియాతో, లెట్యూస్, తులసి జాతి మొక్కలతో ప్రయోగాలు చేశాడు. చేప మేతలో నత్రజని, భాస్వరం సరిపోతాయి కానీ మొక్కకి కావాల్సినంత ఇనుము, కాల్షియం, పొటాష్ ఉండవని తేల్చాడు. మూడు వారాలకోసారి లీటరు నీటికి 2 మిల్లీగ్రాముల ఇనుము చీలేట్ రూపంలో వేశాడు. చేప వ్యర్థాలని బ్యాక్టీరియా నైట్రేట్‌గా మార్చేటప్పుడు నీళ్లు పులుపెక్కుతాయి. ఆ పులుపు తగ్గించడానికి తడిసున్నం ఒకసారి, పొటాషియం హైడ్రాక్సైడ్ ఒకసారి కొద్దికొద్దిగా మార్చి మార్చి వేశాడు. పీహెచ్ 7 దగ్గర నిలిచింది, కాల్షియం, పొటాష్ కూడా అందాయి. ఒక్క దెబ్బకి రెండు పిట్టలు.

మన లెక్కకి వద్దాం. వెయ్యి లీటర్ల తొట్టెకి 2 గ్రాముల ఇనుము కావాలి. ప్యాకెట్ మీద 11 శాతం అని ఉంటే సుమారు 18 గ్రాములు తూయాలి. మన బోరు నీళ్ల పీహెచ్ 7 దాటే చోట ఈడీటీఏ కంటే డీటీపీఏ రకం మేలు.

వేసే ముందు ఆకు చూడండి. లేత ఆకు ఈనెల మధ్య పసుపెక్కితే ఇనుము. ముదురాకు మొత్తం పాలిపోతే నత్రజని. ముదురాకు అంచులు మాడితే పొటాష్. పొలంలో తప్పు మందు కొడితే డబ్బు పోతుంది. తొట్టెలో అయితే పొద్దున్నే చేపలు పైకి తేలి ఉంటాయి.

మీ తొట్టెలో ఏ ఆకు పసుపెక్కిందో ఫోటో పెట్టండి, కలిసి చూద్దాం.